వెళ్ళం

తుపానుకి ఇల్లెలా సర్దుకోవాలో నాకు తెలుసునని షాకాస్‌క్రాల్ ఊరంతా చెప్పుకు తిరిగింది నేనే. నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పే గుణం నాకు పుట్టుకతో వచ్చింది. మా ఆయన ఇప్పటికీ దాన్ని పట్టుకుని దెప్పుతుంటాడు. ఈ సంగతి మాత్రం ఆయనకీ పూర్తిగా తెలియదు.

1996 ఫిబ్రవరి అది. మేం దక్షిణాఫ్రికా వచ్చి పదినెలలైంది. మా ఆయన కోటేశ్వరరావు చక్కెర మిల్లులో కెమిస్టు. మిల్లువాళ్ళు మాకు మెట్ట మీద ఇటుకల క్వార్టరిచ్చారు. కింద, చెరుకు తోటలు దాటాక, ఏటి ఒడ్డున ఏడెనిమిది చెక్క ఇళ్ళుండేవి, రేకుల కప్పులతో. కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఏటి ఒడ్డు వాళ్ళందరికీ మెట్ట మీద ఇళ్ళు కట్టిస్తామని ఎవరో వచ్చి పేర్లు రాసుకుపోయారు. ఆ జాబితాలో పద్నాలుగో పేరు అచ్చమ్మ అవ్వది.

అవ్వకి ఎనభై రెండేళ్ళు. వాళ్ళ నాన్న విశాఖపట్నం వైపు నించి ఓడెక్కి చెరుకు కొట్టడానికి వచ్చినవాడు. అవ్వ పుట్టింది ఇక్కడే, చెరుకు తోటల కూలీల బారక్స్‌లో. ఇంట్లో ఆమె కొడుకు కిస్టెన్, కోడలు కోగీ, నేను అక్కా అని పిలిచే మనిషి. కిస్టెన్ మొబేనిలో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. సోమవారం తెల్లవారగట్ల బస్సెక్కితే శుక్రవారం సాయంత్రం వచ్చేవాడు, వారమంతా రెడ్‌హిల్‌లో మరదలు షర్లీ ఇంట్లో ఉండి. కోగీ అక్క పుట్టిల్లు కూడా రెడ్‌హిల్లే, తమిళులు. అందరూ మాట్లాడేది ఇంగ్లీషే. తిట్టుకోవడానికీ, తిండికీ, దేవుడికీ మాత్రం ఎవరి పాత భాష వాళ్ళకుండేది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు గుమ్మంలో కోగీ అక్క కనబడింది. తెలుగువాళ్ళ ఇల్లని విని వెళ్ళానేమో, "అవ్వ ఉందాండీ?" అని తెలుగులోనే అడిగాను. "ఇల్ల" అంది. ఇంట్లో ఉందంటోందనుకుని అరుగు మీద చతికిలబడ్డాను. అరగంట గడిచింది. ఆమె టీ తెచ్చిచ్చింది, నా మొహం చూసింది, లోపలికెళ్ళింది, మళ్ళీ వచ్చి చూసింది. చివరికి అవ్వ తోటలోంచి చేమదుంపల బుట్టతో వస్తే తేలింది. ఇల్ల అంటే తమిళంలో లేదని అర్థమట. ముగ్గురం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. నాకు తమిళంలో వచ్చిన మొదటి మాట అది. రెండో మాట నేర్చుకునేందుకు ఇంకా కొన్ని నెలలు పట్టింది.

అవ్వ నన్ను "దేశం పిల్ల" అనేది. దేశం అంటే ఆమెకు ఇండియా, తను ఒక్కసారి కూడా చూడని ఇండియా. వాళ్ళ నాన్న భాష మాట్లాడే మనిషి రోజూ వచ్చి అరుగు మీద కూర్చోవడం ఆమెకు పండగలా ఉండేది. నాకేమో ఆమె తెలుగు వింటే చెయ్యి ఊరుకునేది కాదు, దిద్దాలి.

"నాను పోదు పిల్లా, ఎండ" అనేది.

"నేను వెళ్ళను అనాలి అవ్వా. పోవడం అంటే మావైపు చచ్చిపోవడం. మర్యాదగా వెళ్ళడం అనాలి."

"సచ్చిపోతే కూడా ఎక్కడికో పోడమే గద."

కోగీ అక్క మాత్రం శ్రద్ధగా నేర్చుకునేది. అత్తగారి తెలుగు కన్నా నా తెలుగు గొప్పదని ఆమెకు నేనే ఎక్కించాను. వెళ్తాను, వెళ్దాం, వెళ్ళి రా. పాత క్యాలెండరు వెనకాల ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టుకుంది. సాయంత్రం నేను లేచినప్పుడల్లా గుమ్మందాకా వచ్చి "వెళ్ళి రా, భానూ" అనేది, పరీక్షలో పాసైన మనిషిలా. నేను మెచ్చుకునేదాన్ని.

ఫిబ్రవరి రెండో ఆదివారం మధ్యాహ్నం రేడియోలో చెప్పారు, మొజాంబిక్ పక్క సముద్రంలో తుపాను పుట్టిందనీ, దక్షిణంగా దిగి వస్తోందనీ, గురువారంలోగా మా తీరాన్ని తాకవచ్చనీ. అన్నం తింటున్నదాన్ని చెయ్యి కడుక్కుని లేచాను.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన.

"కిందికి. వాళ్ళకేం తెలుసు తుపానంటే?"

"ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు భానూ. నీకన్నా వాళ్ళకే తెలుస్తుంది."

1977 ఉప్పెనప్పుడు నాకు పదమూడేళ్ళు. దివిసీమలో మా వీధి మొత్తానికి నిలబడింది మా పెంకుటిల్లొకటే. ముందురోజు నాన్న తలుపులకీ కిటికీలకీ అడ్డంగా పలకలు కొట్టించాడు, దూలాలకి మోకులు వేసి కట్టించాడు. మేం బతికింది ఆ పలకల వల్లనేనని మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం. అలాంటి ఇంటి పిల్లని నేను. ఇంకొకరు నాకు చెప్పేదేమిటి?

నేను వెళ్ళేసరికి కిస్టెన్ అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. అర్ధగంటలో అతన్ని నిచ్చెన ఎక్కించాను. కప్పు మీద రేకులు లేవకుండా ఇనప తీగలు అడ్డంగా లాగి నాలుగు మూలలా గుంజలకి బిగించాం. తీగల మీద ఇసక సంచులు పెట్టాం. కోగీ అక్కా నేనూ కిటికీలకి పలకలు అందించాం. దొడ్డివైపు తలుపు పాతది, గాలికి కొట్టుకునేది. దాని మీద అడ్డంగా నాలుగు పలకలు వేయించి పెద్ద మేకులు దింపించాను.

"అది కూడా మూయాలా?" అన్నాడు కిస్టెన్. "మెట్ట మీదికి దారి అటే."

"గాలి అటునించే వస్తుంది. తలుపొకటి ఊడితే కప్పు మొత్తం లేచిపోతుంది. ముందు తలుపు ఉందిగా, చాలు."

అతను నోట్లోని మేకు తీసి చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "ఎయిటీ సెవెన్‌లో నీళ్ళు అరుగు మూడో మెట్టు దాకా వచ్చినయ్. నాలుగోది ఎక్కలేదు" అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. తరవాత మేకు కొట్టాడు.

పక్కింటి గ్లాడిస్ కంచె దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. జులూ మనిషి. అవ్వా ఆమే ముప్పై ఏళ్ళుగా ఏటి పక్కన కలిసి చేమదుంపలు వేస్తున్నారు. ఇద్దరూ మాట్లాడుకునేది ఫనకలో అనే భాష, చెరుకు తోటల్లో పుట్టిన మూడు భాషల కలగాపులగం. గ్లాడిస్ ముందు కప్పు వైపు చూసింది, తరవాత ఏటి వైపు చెయ్యి చాపి ఏదో అంది. అందులో "మాంజీ" అన్న మాట రెండుసార్లు వినబడింది.

"ఏమంటోంది అవ్వా?"

"గాలి కాదంట. నీళ్ళంట."

నేను నవ్వాను. నాకు తెలిసిన నీళ్ళు సముద్రం వైపునించే వస్తాయి. ఇక్కడ సముద్రం ఏడెనిమిది కిలోమీటర్ల దూరం, మధ్యలో కొండలు. ఉప్పెన కొండెక్కి రాదని గ్లాడిస్‌కి వివరంగా చెప్పాను, కోగీ అక్క చేత ఇంగ్లీషులోంచి మార్పించి మరీ. గ్లాడిస్ మర్యాదగా విని, పార తీసుకుని వెళ్ళి ఏటి ఒడ్డున చేమదుంపలు లేతవి కూడా తవ్వేసుకోవడం మొదలుపెట్టింది. తుపాను ముందు తోట పని చేసుకునే మనిషిని అప్పుడే చూశాను.

కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు, రొట్టెలు, డబ్బా చేపలు, రెండు డ్రమ్ముల మంచినీళ్ళు. కాయితాలన్నీ బిస్కట్ డబ్బాలో పెట్టి మూత చుట్టూ మైనం పోశాను. అందులో అవ్వ గుర్తింపు పుస్తకం ఉంది, రెండేళ్ళ క్రితం దాంతోనే మొదటిసారి ఓటేసింది. వాళ్ళ నాన్న ఓడ కాయితం ఉంది, నంబరుతో సహా. జాబితాలో పద్నాలుగో పేరని రాసిచ్చిన చీటీ ఉంది.

"చీటీ అడుగున పెట్టకు పిల్లా" అంది అవ్వ. "ఆళ్ళొచ్చి అడిగితే ఎంటనే తియ్యాల."

"తుపానులో ఎవరొస్తారవ్వా?"

"గవర్మెంటు. ఎప్పుడొస్తదో ఎవురికి ఎరిక?"

వెళ్ళబోతుంటే కిస్టెన్ నా వెనకాలే కంచెదాకా వచ్చాడు. మర్నాడు మొబేని వెళ్ళక తప్పదన్నాడు. ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేస్తున్నారు, ఈ వారం సెలవడిగితే తనదే ముందు పేరు. "మా అమ్మ నా మాట వినదు. కోగీ మాట అసలు వినదు. ఎయిటీ సెవెన్‌లో కూడా బయటికి రానంది. నీ మాటైతే వింటది" అని, ఇక అక్కణ్ణించి తనకొచ్చిన తెలుగులో అన్నాడు. "నీ చేతిలో పెట్టి పోతన్నా."

"అవసరమైతే బండి తీసుకుని నేనే వస్తాను" అన్నాను.

అరుగు మీంచి అవ్వ విన్నది. "దేశం పిల్ల వస్తే పోతాది నాను" అంది. ఆ వాక్యాన్ని కూడా నేను దిద్దాను.

బుధవారం గాలి వచ్చింది. వచ్చింది కానీ మా దివిసీమ గాలితో పోలిస్తే అది గాలే కాదు. లిచీ చెట్టు కొమ్మలు రెండు విరిగాయి, చెరుకు పడుకుంది. గురువారం పొద్దున తుపాను ఉత్తరంగా తిరిగి లోపలి కొండల్లోకి వెళ్ళి బలహీనపడిందని రేడియో చెప్పింది. నేను గొడుగేసుకుని కిందికి వెళ్ళి చూసొచ్చాను. కప్పు మీద రేకు ఒక్కటి కదల్లేదు. కోగీ అక్క నా చెయ్యి పట్టుకుని ఊపింది. మనసులో ఎక్కడో నాకు కొంచెం వెలితిగా కూడా అనిపించింది, ఇంత సర్దాక తుపాను సరిగ్గా రాలేదేమని. ఇప్పుడది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ రోజంతా, ఆ రాత్రంతా కొండల్లో వాన పడుతూనే ఉంది. మాకు సన్నగా తుంపర.

శుక్రవారం పది గంటలకి మా ఆయన మిల్లు నించి ఫోన్ చేశాడు. ఎగువన వంతెన మీదుగా నీళ్ళు పోతున్నాయనీ, ఏటి ఒడ్డు వాళ్ళని పైకి తెమ్మని మేనేజరు ట్రాక్టరు పంపుతున్నాడనీ. "నువ్వు వెళ్ళు. ముసలావిడ నువ్వైతేనే కదులుతుందన్నావుగా."

ట్రాక్టరు నడిపేది పెర్సీ. వెనక చెరుకు మోసే ట్రెయిలరు. పైవైపు ఇళ్ళ వాళ్ళు నలుగురైదుగురు అప్పటికే ఎక్కి మూటల మీద కూర్చున్నారు. నేను పెర్సీ పక్కన మడ్‌గార్డు పట్టుకుని నిలబడ్డాను. కిస్టెన్‌వాళ్ళ ఇంటికి వంద గజాల ఇవతల చిన్న కాలవ ఒకటుంది. మామూలు రోజుల్లో చీర కుచ్చిళ్ళు కొద్దిగా ఎత్తి దాటేదాన్ని. ఆ పొద్దున అది తొడలదాకా ఉంది, ఎర్రగా, చెరుకు ఆకులు తేలుతూ. పెర్సీ ట్రాక్టరు ఆపాడు.

"దాటొచ్చు. కానీ ట్రెయిలరు విప్పి, వీళ్ళని ఇక్కడ దింపి వెళ్ళాలి" అన్నాడు. "అరగంట పడుతుంది. కింద ఇంకో రెండు కుటుంబాలున్నాయి. ఈ ఇంటివాళ్ళు కచ్చితంగా వస్తారా?"

"అడుగుతాను."

అరుగు మీద కోగీ అక్క కనబడింది. వెనకాల కుర్చీలో అవ్వ, ఒళ్ళో బిస్కట్ డబ్బా. ట్రాక్టరు ఇంజను కొట్టుకుంటోంది, నీళ్ళ హోరు. నేను రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, నేను నేర్పిన తెలుగులోనే అరిచాను. "వెళ్దామా అక్కా? అవ్వని తీసుకుని వెళ్దామా?"

కోగీ అక్క చెయ్యి విసురుతూ అరిచింది. మధ్యలో ఏదేదో గాలికి కొట్టుకుపోయింది. ఒక్క మాటే నా దాకా వచ్చింది, రెండుసార్లు.

"వెళ్ళం! వెళ్ళం!"

అంత హడావిడిలోనూ నాకొక్క క్షణం సంతోషం వేసింది. పోం అనలేదు. వెళ్ళం అంది, సరిగ్గా, మర్యాదగా. క్యాలెండరు వెనక రాసుకోని మాట కూడా తనంతట తను కట్టుకుందనుకున్నాను.

"ఏమంటున్నారు?" అన్నాడు పెర్సీ.

"రామంటున్నారు."

"నిజంగానా? ఆవిడ పక్కకి చూపిస్తోందేమిటి?"

"అది మా భాష, పెర్సీ."

అతను భుజాలెగరేసి గేరు మార్చాడు. నేను చెయ్యెత్తి ఊపాను. మళ్ళీ వస్తానని. అవ్వ మొండిది, కోగీ అక్క ఒప్పించలేకపోయింది, కింద వాళ్ళని ఎక్కించుకుని తిరిగి వచ్చేటప్పుడు నేనే దిగి నడిచి వెళ్ళి తీసుకొస్తానని అనుకున్నాను. అదే నిజంగా అనుకున్నాను. అవ్వ కుర్చీలోంచి చెయ్యెత్తడం కూడా చూశాను.

మేం తిరిగి వచ్చేటప్పటికి ముప్పావుగంట పట్టింది. కాలవ లేదు. కాలవా ఏరూ ఒకటే, మధ్యలో ఇంటి కప్పు, నేను బిగించిన తీగలు, ఇసక సంచులు.

తరవాత ఏం జరిగిందో అందరూ ఒకలాగే చెప్పారు. నీళ్ళు ముందు తలుపు వైపునించి వచ్చాయి. వెనక తలుపు మీద పలకలున్నాయి. గ్లాడిస్ మెట్ట వైపునించి వచ్చి చెరుకు కత్తితో ఆ పలకలు పెకలించింది. నాలుగు పలకలు, పెద్ద మేకులు. తలుపు తెరుచుకునేసరికి లోపల నీళ్ళు కిటికీ ఎత్తు దాటాయి. కోగీ అక్కని జుట్టు పట్టి లాగింది. అవ్వని మర్నాడు కిలోమీటరు దిగువన చెరుకులో చూశారు.

బిస్కట్ డబ్బా కూడా దొరికింది. లోపల ఒక్క కాయితం తడవలేదు.

మిల్లు మేనేజరు నన్నూ పెర్సీనీ కూర్చోబెట్టి అడిగాడు. నేను విన్నదే చెప్పాను. అడిగాం, రామన్నారు. అది కాయితం మీదికెక్కింది. శుక్రవారం రాత్రి దారి తెగి శనివారం మధ్యాహ్నానికి ఊరు చేరిన కిస్టెన్‌కి కూడా అదే మాట చేరింది. బండి గుమ్మం ముందు దాకా వచ్చింది, నీ భార్య వద్దంది.

పదహారో రోజు కర్మ రెడ్‌హిల్‌లో జరిగింది, కోగీ అక్క చెల్లెలు షర్లీ ఇంట్లో. నేనూ మా ఆయనా వెళ్ళాం. ముందు గదిలో అవ్వ ఫోటో, దీపం, చేమదుంపల కూర, గారెలు. మగవాళ్ళు గరాజులో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కిస్టెన్ నన్ను చూసి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు మాట నిలబెట్టుకున్నావు భానూ" అన్నాడు. "బండి తెచ్చావు. ఇంకేం చేస్తావు?"

అంటూ వంటింటి వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషిని అలా చూడకూడదు.

కోగీ అక్క వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. వేళ్ళకి ఇంకా కట్లున్నాయి, తలుపు లాగి లాగి గోళ్ళూడిపోయాయట. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆ పదిహేను రోజులూ నాలో కుములుతున్న మాట అడిగేశాను. కోపంగానే అడిగాను. అంత దూరం వస్తే ఎందుకు రామన్నావక్కా?

గిన్నె కింద పెట్టింది.

"అందరూ అదే అడుగుతున్నారు. నేనెప్పుడన్నాను?"

"నా చెవులతో విన్నాను."

"నేనరిచింది వెళ్ళం అని." ఆమె గొంతు తగ్గించింది. "తమిళం. మా అమ్మ అనేది. వెళ్ళం అంటే ఫ్లడ్, భానూ. ఏరు పొంగి వస్తోంది, ఎగువన కనబడుతోంది, చూపించాను కూడా. ఇంగ్లీషులో అనాలి, తెలుసు. ఆ భయంలో ఏది వస్తే అది వచ్చింది."

షర్లీ ఎవరినో పిలుస్తోంది. కుళాయి కారుతోంది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

"నువ్వు డ్రైవరుతో ఏదో చెప్పావు. చెయ్యి ఊపావు. బండి కదిలింది. ఇంకా పెద్దది తేవడానికి వెళ్ళిందని చెప్పాను అత్తకి. అప్పుడు నీళ్ళు రెండో మెట్టు మీదున్నాయి. అప్పుడైతే గ్లాడిస్‌ని కేకేసి పక్కనించి ఎలాగో మెట్ట మీదికి ఎక్కేసేవాళ్ళం. రమ్మంటే అత్త కదల్లేదు. దేశం పిల్ల వస్తది అంది. ఆ డబ్బా పట్టుకుని కూర్చుంది. నేనూ నమ్మాను."

మా నాన్న ఇల్లు నిలిచింది పలకల వల్ల కాదు. ఆ ఇల్లు దిబ్బ మీద ఉండేది, వీధి మొత్తానికి ఎత్తుగా. ఆ సంగతి నాకు షర్లీ వంటింట్లో నిలబడి ఉండగా తట్టింది.

కోగీ అక్క తడి చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది.

"కిస్టెన్‌కి చెప్పాను. నమ్మడు. దేశం నించి వచ్చిన చదువుకున్న మనిషికి మాట అర్థం కాదా అంటాడు. పదహారు రోజులైంది, నాతో మాట్లాడి. రాత్రులు గరాజులో పడుకుంటున్నాడు." గరాజు వైపు చూసింది. "నువ్వు నేర్పిన మాటలు ఆలోచించాను. వెళ్దాం. వెళ్తాను. అందులోదేనా ఇది కూడా? నీ తెలుగులో వెళ్ళం అంటే ఏమన్నా అర్థం ఉందా? ఉంటే ఒక్కసారి కిస్టెన్‌కి చెప్పు. ఇంకేం వద్దు నాకు."

ఒక్క మాట. గరాజు పది అడుగుల దూరం. వెళ్ళి అతని ముందు నిలబడి, మా భాషలో ఆ మాటకి మేం రామని అర్థం, నేను తప్పు విన్నాను, నీ భార్య నన్ను రమ్మనే పిలిచింది, మీ అమ్మ నాకోసమే కూర్చుని పోయింది అని చెప్పాలి. పలకల సంగతి కూడా చెప్పాలి. అతను పట్టుకున్న చేతులు ఇంకా వెచ్చగా ఉన్నాయి నాకు. మా ఆయన అతని పక్కనే కూర్చుని ఉన్నాడు. మిల్లులో కాయితం మీద నా మాట ఉంది. సిగ్గేసింది, దానికన్నా ఎక్కువ భయమేసింది. అన్నీ తెలిసినదాన్నని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషిని నేను.

"ఇల్ల" అన్నాను.

తెలుగులో అనలేకపోయాను. నాకొచ్చిన మొదటి తమిళ మాట అడ్డం పెట్టుకున్నాను.

కోగీ అక్క నా మొహంలోకి చాలాసేపు చూసింది. మొదటి రోజు, అరుగు మీద కూర్చున్నప్పుడు టీ ఇచ్చి నా మొహం చూసింది చూశారూ, అలాగే. తరవాత చెయ్యి తీసేసి గిన్నె అందుకుంది. ఆమెకి తెలిసిపోయింది. ఆమెకి తెలిసిందని నాకూ తెలిసింది. కిస్టెన్‌కి మాత్రం ఈ రోజుకీ తెలియదు.

భోజనాలయ్యాక మా ఆయన కారు తీశాడు. కోగీ అక్క గుమ్మందాకా వచ్చింది, ఎప్పటిలాగే. నేను చెప్పులేసుకుని వెనక్కి తిరిగి, వెళ్ళొస్తానక్కా అన్నాను. వెళ్ళి రా, భానూ అంటుందని ఒక్క క్షణం ఆశపడ్డాను.

కట్టు కట్టిన చెయ్యి తలుపు మీద వేసి, అత్తగారి తెలుగులో అంది.

"పో."